గుర్రాల లెక్క ఒక్కటే చాలదు

పాత రంపం మెషిన్‌కు కొత్త మోటార్ కొనేటప్పుడు అందరూ అడిగేది హార్స్‌పవరే. అడగాల్సినవి ఇంకో అరడజను ఉన్నాయి. వాటిలో ఒకటి వేళ్లకు సంబంధించినది.

బేర్ సరాయ్‌లో మంచం లేకపోయినా సర్దుకోవచ్చు. పుస్తకాల ర్యాక్ లేకపోతే మాత్రం కుదరదు. దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ పాత క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఈ ఇరుకు ఊళ్లో పుస్తకాల కొట్లు, జిరాక్సు సెంటర్లు, వాటి పైన అగ్గిపెట్టెల్లాంటి గదులు. ఆ గదుల్లో సివిల్స్‌కు చదివే కుర్రాళ్లు. వీళ్లకు బల్లలు, ర్యాకులు చేసిపెట్టే వడ్రంగి ఒకాయన వెనక సందులో ఉన్నాడు. సొంతూరు సహారన్‌పూర్. అందరూ మిస్త్రీజీ అంటారు. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆయన ఆస్తల్లా ఒక్క మెషిన్. పోత ఇనుప బల్ల, దాని మధ్యలో సన్నటి చీలిక, అందులోంచి తల ఎత్తిన 12 అంగుళాల గుండ్రటి రంపం. మాయాపురి పాత ఇనుము బజార్లో తూకానికి కొన్నాడట. దాని వయసు ఆయనకూ తెలియదు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ మెషిన్ కింద ఉన్న మోటార్ కాలిపోయింది. ఆ వాసన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం లో వోల్టేజీకి బోరు మోటార్ కాలిపోతే పొలం గట్టు మీద వచ్చే వాసనే అది.

నా ర్యాక్ సగంలో ఆగింది కాబట్టి మర్నాడు చూడ్డానికి వెళ్లాను. తోడుగా మా పక్కగది కుర్రాడు వచ్చాడు. నిజామాబాద్ వాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు సివిల్స్ మీద పడ్డాడు. మేం వెళ్లేసరికి మిస్త్రీ పాత ఢిల్లీ నుంచి కొత్త మోటార్ తెచ్చి బిగించే పనిలో ఉన్నాడు. ‘‘పోయింది 2 హెచ్‌పీ, తెచ్చింది 2 హెచ్‌పీ’’ అన్నాడు ధీమాగా. దుకాణదారు కూడా అదే చెప్పాడట, 2 హెచ్‌పీ అంటే ఏదైనా ఒకటేనని.

కుర్రాడు వంగి, కొత్త మోటార్ నేమ్‌ప్లేట్ మీది దుమ్ము తుడిచి చదివాడు. తర్వాత మూలన పడున్న పాతదాన్ని తిరగేసి చూశాడు. లేచి నాతో మెల్లగా అన్నాడు: ‘‘అన్నా, ఇది 2 పోల్ మోటారు. పాతది 4 పోల్. దీన్ని గిట్లనే బిగిస్తే బ్లేడు రెండింతల స్పీడుతోటి తిరుగుతది. మిస్త్రీకి జెర చెప్పు.’’

చుట్ల లెక్క

విషయం ఇదీ. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగొస్తుంది. ఇండక్షన్ మోటార్ వేగం ఈ అంకె మీదా, వైండింగ్‌లో ఉన్న అయస్కాంత ధ్రువాల సంఖ్య మీదా ఆధారపడుతుంది. 2 పోల్ మోటార్ నిమిషానికి 3,000 చుట్లకు కాస్త తక్కువగా, అంటే సుమారు 2,880 చుట్లు తిరుగుతుంది. 4 పోల్ అయితే సుమారు 1,440. 6 పోల్ అయితే 950 దరిదాపుల్లో. మూడూ 2 హెచ్‌పీవే కావచ్చు.

మిస్త్రీ మెషిన్‌లో మోటార్ పుల్లీ 6 అంగుళాలు, రంపం షాఫ్టు మీది పుల్లీ 3 అంగుళాలు. అంటే మోటార్ ఒక చుట్టు తిరిగితే రంపం రెండు చుట్లు తిరుగుతుంది. పాత 1,440 మోటార్‌తో రంపం వేగం 2,880. ఆ వేగంతో 12 అంగుళాల బ్లేడు పంటి మొన సెకనుకు 46 మీటర్లు ప్రయాణిస్తుంది. గంటకు 165 కిలోమీటర్లన్నమాట. కర్ర కోయడానికి సరిపడా వేగం అది. కొత్త మోటార్‌ను అలాగే బిగిస్తే రంపం 5,760 చుట్లు తిరుగుతుంది. మొన వేగం గంటకు 330 కిలోమీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్లేడును చీల్చాలని చూసే అపకేంద్ర బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. బ్లేడు గరిష్ఠ వేగం దాని మీదే ముద్రించి ఉండాలి. మిస్త్రీ బ్లేడు మీద ఆ అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మోటార్ మార్చబోతే మనిషి ప్రాణం మీదకు వచ్చేది.

మరి పుల్లీ మారిస్తే సరిపోదా? సరిపోతుంది, లెక్క వేసి మారిస్తే. 2,880 మోటార్‌కు కూడా 3 అంగుళాల పుల్లీ పెడితే రంపం మళ్లీ పాత వేగంతోనే తిరుగుతుంది. అప్పుడు బెల్టు పొడవు మారుతుంది. చిన్న పుల్లీని బెల్టు చుట్టుకునే మేర తగ్గుతుంది కాబట్టి పట్టు చూసుకోవాలి. మోటార్ల మధ్య ఇంకో తేడా కూడా ఉంది. 2 హెచ్‌పీ మోటార్ 1,440 వేగంలో ఇచ్చే తిప్పే బలం, అంటే టార్క్, సుమారు 10 న్యూటన్ మీటర్లు. 2,880 వేగంలో ఇచ్చేది అందులో సగం. గుర్రాలు అవే, లాగే తీరు వేరు.

ఏ వేగం మంచిదన్నది పనిని బట్టి ఉంటుంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా కర్తవ్య పథ్ మీద నడిచిన ఏటికొప్పాక బొమ్మలనే తీసుకోండి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పూత పడుతుంది. తిరుగుడు మందగిస్తే లక్క కరగదు, మితిమీరితే పూత చెడుతుంది. ఒకప్పుడు తాడు లాగి తిప్పిన ఆ తరిణెలకు ఇప్పుడు కరెంటు మోటార్లు వచ్చాయి. అక్కడ కూడా చూడాల్సింది చేతికి సరిపోయే వేగమే. రంపానికి సరిపోయిన మోటార్‌ను తరిణెకు తగిలించి గుర్రాలు సమానమే కదా అనుకుంటే పని చెడుతుంది.

ఒక ఫేజా, మూడా?

రెండో ప్రశ్న కరెంటుది. కర్మాగారాల నుంచి వచ్చిన పాత మెషిన్లకు తరచు త్రీ ఫేజ్, 415 వోల్టుల మోటార్లుంటాయి. బేర్ సరాయ్ లాంటి చోట చిన్న కొట్టుకు వచ్చేది ఎక్కువగా సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. సింగిల్ ఫేజ్ మోటార్ దానంతట అది కదలలేదు. కదిలించడానికి అదనంగా ఒక స్టార్టింగ్ వైండింగ్, ఒక కెపాసిటర్ కావాలి. మన మెకానిక్కులు దాన్నే కండెన్సర్ అంటారు. రంపానికి, చిత్రిక మెషిన్‌కు కెపాసిటర్ స్టార్ట్ రకం కావాలి. బరువైన బ్లేడును నిలకడ నుంచి లేపే సత్తా దానికి ఉంటుంది. ఫ్యాన్లకు వాడే తరహా మోటార్ అంకెల్లో సమానంగా కనిపించినా మొదట్లోనే మూలుగుతూ ఆగిపోతుంది.

మిస్త్రీ మోటార్ కాలడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. మోటార్ సుమారు ముప్పావు వంతు వేగం అందుకోగానే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ స్టార్టింగ్ వైండింగ్‌ను తప్పించాలి. రంపపు పొట్టు చేరి ఆ స్విచ్ ఇరుక్కుపోయింది. కొన్ని సెకన్లు మాత్రమే పనిచేయాల్సిన వైండింగ్ అదే పనిగా కరెంటు తాగి మాడిపోయింది. దానికి లో వోల్టేజీ తోడైంది. మోటార్ బలం వోల్టేజీ వర్గంతో పాటు పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే బలం 61 శాతమే మిగులుతుంది. ఇప్పుడు 3 హెచ్‌పీ పెడితే ఆ ఇబ్బంది తీరుతుందనుకోవడం పొరపాటు. పెద్ద మోటార్ మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నటి తీగలో వోల్టేజీ ఇంకా పడుతుంది. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్ నడిచేటప్పుడే సుమారు 11 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు. కాబట్టి మోటార్ కంటే ముందు తీగ మందం, కరెంటు బిల్లు మీద ఉన్న మంజూరు లోడు చూసుకోవాలి.

పాత త్రీ ఫేజ్ మోటార్ బాగానే ఉండి కరెంటు మాత్రమే సింగిల్ ఫేజ్ అయితే ఇంకో దారి ఉంది. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టెలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కాకపోతే వాటిలో సాధారణ రకం 230 వోల్టుల త్రీ ఫేజే ఇస్తుంది. మోటార్ టెర్మినల్ బాక్సు తెరిచి చూడండి. ఆరు కొనలూ బయటికి ఉండి, 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటే దాన్ని డెల్టాగా మార్చి వాడుకోవచ్చు. చిన్న మోటార్లలో ఈ ఏర్పాటు తరచు ఉంటుంది. మూడే కొనలుంటే ఆ మోటార్‌ను వైండర్‌కు చూపించకుండా పెట్టె కొనకండి.

పొట్టు, ఎండ, పాదాలు

మూడోది మోటార్ ఒంటి మీది చొక్కా. చుట్టూ చిల్లులతో గాలి లోపలికి పోయే మోటార్లు కొన్ని ఉంటాయి. శుభ్రమైన గదిలో అవి హాయిగా నడుస్తాయి. వడ్రంగి కొట్లో వాటి కడుపు నెల తిరక్కుండా పొట్టుతో నిండుతుంది. కావలసింది పూర్తిగా మూసి ఉండి, వెనక ఫ్యాన్ బయటి రెక్కల మీద గాలి విసిరే రకం. నేమ్‌ప్లేట్ మీద టీఈఎఫ్‌సీ అనో, ఐపీ 55 అనో రాసి ఉంటుంది. అదే ప్లేటు మీద డ్యూటీ అనే గడిలో ఎస్1 ఉంటే ఆపకుండా నడపవచ్చని అర్థం. సాధారణంగా మోటార్ల సామర్థ్యం 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు లెక్కగట్టి ఉంటుంది. ఢిల్లీలో మే నెల 45కు చేరుతుంది, రామగుండం దానికి తీసిపోదు. రేకుల షెడ్డు కింద, మూసిన చెక్క పెట్టెలో మోటార్ పెట్టేవాళ్లు ఈ అయిదు డిగ్రీల సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుగోది కొలతలు. కొత్త మోటార్లకు 80, 90, 100 అని ఫ్రేమ్ సైజు ఉంటుంది. పాదం నుంచి షాఫ్టు మధ్యకు ఉన్న ఎత్తు మిల్లీమీటర్లలో అది. 2 హెచ్‌పీ, 4 పోల్ త్రీ ఫేజ్ మోటార్ సాధారణంగా 90ఎల్ ఫ్రేమ్‌లో వస్తుంది, దాని షాఫ్టు మందం 24 మిల్లీమీటర్లు. పాత మోటార్లు అదే సామర్థ్యానికి ఇంకా పెద్దవి. కొన్నిటి షాఫ్టు అంగుళం మందం, అంటే 25.4 మిల్లీమీటర్లు. ఆ పాత పుల్లీని కొత్త షాఫ్టుకు ఎక్కిస్తే 1.4 మిల్లీమీటర్ల వదులు. మధ్యలో డబ్బా రేకు ముక్క చుట్టి బిగించేవాళ్లను చాలామందిని చూశాం. ఆ పుల్లీ వంకరగా తిరిగి ముందు బెల్టును, తర్వాత బేరింగును తినేస్తుంది. 

అయిదోది తిరిగే దిశ. రంపాన్ని షాఫ్టుకు బిగించే నట్టు మర ఎటు ఉండాలో మెషిన్ చేసినవాడు తిరిగే దిశను బట్టే నిర్ణయిస్తాడు. మోటార్ అటుదిటు తిరిగితే నట్టు వదులవుతుంది, పళ్లు కూడా కోయవు. అందుకే బ్లేడు విప్పి, బెల్టు తీసి, మోటార్‌ను ఒక్క క్షణం ఒంటరిగా తిప్పి చూడాలి. త్రీ ఫేజ్ అయితే ఏ రెండు తీగలు అటూ ఇటూ మార్చినా దిశ మారుతుంది. సింగిల్ ఫేజ్‌లో మార్చాల్సింది స్టార్టింగ్ వైండింగ్ కొనలను.

రీవైండింగా, కొత్తదా?

అసలు కొనడమెందుకు, పాతదాన్నే రీవైండింగ్ చేయించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. వ్యవసాయ మోటార్ల పుణ్యమా అని రీవైండింగ్ షాపు తెలియని తెలుగువాడు అరుదు. మంచి వైండర్ దొరికితే పాత మోటార్‌కు అది మర్యాదైన మార్గమే. ఫ్రేమ్, షాఫ్టు, పుల్లీ అన్నీ పాతవే సరిపోతాయి. రెండు విషయాలు మాత్రం అడగండి. చుట్టేది రాగి తీగా, అల్యూమినియమా? పాత తీగను ఎలా తీస్తున్నారు? కొందరు మోటార్‌ను మంటలో కాల్చి తీస్తారు. మంట మితిమీరితే ఇనుప రేకుల మధ్య ఉన్న ఇన్సులేషన్ కూడా మాడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి రాగి చుట్టినా మోటార్ వేడెక్కుతూనే ఉంటుంది. రెండుమూడుసార్లు చుట్టించిన మోటార్ పక్కన పెట్టడమే మేలు.

కొత్తది త్రీ ఫేజ్ అయితే ఐఈ2, ఐఈ3 అన్న గుర్తులు చూడండి. 1.5 కిలోవాట్లు, అంటే 2 హెచ్‌పీ 4 పోల్ మోటార్‌లో ఐఈ1 సామర్థ్యం 77.2 శాతం, ఐఈ3ది 85.3 శాతం. పూర్తి లోడు మీద ఏడాదికి 2,400 గంటలు నడిస్తే తేడా 440 యూనిట్ల పైచిలుకు. రంపం మీద అంత లోడు ఎప్పుడూ ఉండదు. రోజుకు గంట నడిపే మిస్త్రీకి ఈ లెక్క పెద్దగా పట్టదు, రోజంతా నడిపే సామిల్లుకు పడుతుంది.

ఒక విషయంలో పాత మెషిన్లు అదృష్టం చేసుకున్నాయి. ఒకప్పటి కార్ఖానాల్లో ఒక్క ఆవిరి యంత్రం ఒక పొడవాటి షాఫ్టును తిప్పేది, దాని నుంచి బెల్టుల ద్వారా ఒక్కో మెషిన్ తిరిగేది. టెస్లా ఇండక్షన్ మోటార్‌కు 1888లో పేటెంట్ వచ్చాక క్రమంగా మెషిన్‌కో మోటార్ వచ్చింది, కానీ బెల్టు మిగిలింది. బెల్టు ఉన్నంతకాలం మెషిన్‌కు, మోటార్‌కు మధ్య తెగని ముడి లేదు. మోటార్ పోయినా పోత ఇనుము ఉంటుంది. బేరింగులు మార్చుకుంటూ తండ్రి మెషిన్ కొడుకు వాడుకోవచ్చు.

సగం వేలు కథ

ఇక ఆ చూపుడువేలు. మిస్త్రీ ఢిల్లీకి కొత్తగా వచ్చినప్పుడు ఇంకొకరి దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు కోత మధ్యలో కరెంటు పోయింది. రంపం ఆగింది. చీలికలో ఇరుక్కున్న చెక్కముక్కను తీద్దామని చెయ్యి పెట్టాడు. స్విచ్ ఆపలేదు, మామూలు గొళ్లెం స్విచ్ అది. అంతలో కరెంటు వచ్చింది. ‘‘కరెంటు వచ్చిందని పక్కవాళ్లంతా కేకలు వేశారు, సంతోషంతో. నేనూ అరిచాను’’ అన్నాడు మిస్త్రీ. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు.

ఆ ప్రమాదాన్ని ఆపగలిగేది మోటార్ కాదు, స్టార్టర్. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే డీఓఎల్ స్టార్టర్ లోపల నో వోల్ట్ కాయిల్ అని ఒకటి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది మోటార్‌ను పట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది. మళ్లీ వచ్చినా ఎవరో పచ్చ బటన్ నొక్కేదాకా మోటార్ కదలదు. అందులోనే ఉండే ఓవర్‌లోడ్ రిలేను మోటార్ ప్లేటు మీది ఆంపియర్లకు సరిచేస్తే మోటార్ కాలే ముందే ఆగుతుంది. ఇది కూడా ఉంది కదా అని కోత మధ్యలో చెయ్యి పెట్టకూడదు, మెయిన్ ఆపే తియ్యాలి. ఎర్తింగ్, బ్లేడు మీది గార్డు సరేసరి. వీటిలో దేనికీ మోటార్ ధరంత ఖర్చు కాదు. కానీ మోటార్ బేరం ముగిశాక జేబులో మిగిలిన దాంట్లోంచి కొనేవి కాబట్టి ఎక్కువగా కొనకుండానే మిగిలిపోతాయి. అందుకే బేరం మొదలుపెట్టేటప్పుడే స్టార్టర్ ధర కలిపి మాట్లాడండి.

మిస్త్రీ మర్నాడు పాత ఢిల్లీ వెళ్లి, దుకాణదారుతో గంటసేపు వాదించి, కొంత నష్టానికి మోటార్ మార్చుకొచ్చాడు. ఈసారి 1,440, మూసిన రకం, పక్కన స్టార్టర్. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు బిగించాడు. మా కుర్రాడు మిస్త్రీని దూరంగా నిలబెట్టి, మెషిన్ తిరుగుతుండగా మెయిన్ స్విచ్ ఆపించి, బ్లేడు పూర్తిగా నిలిచాక మళ్లీ వేయించాడు. రంపం కదల్లేదు. మిస్త్రీ నమ్మలేనట్టు ఆ పరీక్ష ఇంకో మూడుసార్లు తనే చేసుకున్నాడు. నాలుగోసారి పచ్చ బటన్ నొక్కి నా ర్యాక్ చెక్క అందుకున్నాడు.

బేర్ సరాయ్‌లో ఏ గది గోడ మీద చూసినా రాజ్యాంగ అధికరణాలో, నదుల పేర్లో, గుర్తుండని తేదీలో అతికించి ఉంటాయి. మిస్త్రీ కొట్టు గోడ మీద ఇప్పుడు పెన్సిలుతో రాసిన నాలుగు వరుసలున్నాయి: మోటార్ 1,440, పుల్లీ 6, రంపం పుల్లీ 3, రంపం 2,880. మా కుర్రాడి చేతిరాత అది. ఈసారి మోటార్ కాలితే దుకాణానికి ఆ కాగితం పట్టుకెళ్లాలట. కాగితం కాదు గోడ కదా అంటే, ఫోన్లో ఫొటో తీసుకున్నానని చూపించాడు మిస్త్రీ. మీ ఇంట్లో, కొట్లో, పొలంలో మోటార్ బాగా తిరుగుతున్న ఈ రోజే దాని నేమ్‌ప్లేట్‌కు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కాలిన తర్వాత ఆ అక్షరాలు కనిపిస్తాయన్న నమ్మకం లేదు.